కోడలే ముద్దాయా?

మా కొల్లాపురం మామిడికి పేరు. ఏ ఏడైనా కాపు తగ్గిందంటే రైతులు ఎన్ని కారణాలు వెతుకుతారో చూడాలి. పూత మీద మంచు పడిందంటారు. తేనెమంచు పురుగు సోకిందంటారు. మందు కొట్టడం ఆలస్యమైందంటారు. ఒక్కపూట గాలికే పిందె అంతా రాలిపోయిందంటారు. అంతేగాని చెట్టును పట్టుకుని తిట్టిన రైతును నేనింతవరకూ చూడలేదు. అదే రైతు ఇంట్లో కోడలికి రెండో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టిందనుకోండి, కారణాలు వెతికే ఓపిక ఒక్కరికీ ఉండదు. విచారణా, సాక్ష్యం, తీర్పూ అన్నీ ఆస్పత్రి వరండాలోనే అయిపోతాయి.

“ఏం పుట్టింది?”

“ఆడివిల్ల.”

“అయ్యో, మల్లనా! ఆమెది ఆడివిల్లల కడుపే.”

ఆడపిల్లల కడుపట! సన్నబియ్యం గోతాం, దొడ్డుబియ్యం గోతాం అన్నట్టు కడుపుల్లో కూడా రకాలున్నాయి కాబోలు. చదువులేని ముసలమ్మ అంటే సరే, ఎవరూ చెప్పలేదు పాపం అనుకోవచ్చు. డిగ్రీలు చదివి, బడిలో పిల్లలకు సైన్సు పాఠం చెప్పి ఇంటికొచ్చిన అత్తగారు కూడా ఇదే మాట అంటే ఏమనుకోవాలి? పాఠం బడి గోడలు దాటి ఇంటి గడప తొక్కలేదనుకోవాలి.

ఆ పాఠం నిజానికి చాలా చిన్నది. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ క్రోమోజోములు 46, అంటే 23 జతలు. అందులో ఒక్క జత మాత్రం ఆడా మగా సంగతి చూస్తుంది. ఆడవాళ్ళలో ఆ జతలో రెండూ ఎక్స్‌లే. మగవాళ్ళలో ఒకటి ఎక్స్, ఒకటి వై. బిడ్డకు తల్లి సగం, తండ్రి సగం పంచి ఇవ్వాలి కదా. తల్లి దగ్గర ఉన్నవి ఎక్స్‌లే గనుక ఆమె ఎప్పుడూ ఎక్స్‌నే ఇస్తుంది. తండ్రి బీజకణాల్లో మాత్రం దాదాపు సగం ఎక్స్‌ను మోస్తాయి, సగం వైను మోస్తాయి. ఎక్స్ మోసేది ముందు చేరితే ఆడపిల్ల, వై మోసేది చేరితే మగపిల్లవాడు. కొడుకును ఇవ్వడానికి కావలసిన సరుకు కోడలి దగ్గర లేనే లేదు. లేని సరుకు ఇవ్వలేదని ఆమె మీద కేసు పెడుతున్నాం.

ఈ సంగతి మొదట ఎక్కడ బయటపడిందో తెలిస్తే మన ఆడవాళ్ళు ముచ్చటపడతారు. పిండి పురుగులో! 1905లో అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అనే ఆవిడ పిండి పురుగుల కణాలను సూక్ష్మదర్శినిలో చూసింది. ఆడపురుగులో 20 పెద్ద క్రోమోజోములున్నాయి. మగపురుగులో 19 పెద్దవి, ఒకటి చిన్నది. మగపురుగు బీజకణాల్లో సగం ఆ చిన్నదాన్ని మోస్తున్నాయి, అది చేరితేనే మగపిల్ల పురుగు పుడుతోంది. అదే ఏడు ఎడ్మండ్ విల్సన్ అనే పెద్ద ప్రొఫెసరు కూడా వేరేగా ఇదే మాట చెప్పాడు. పేరంతా చాలాకాలం మగవాళ్ళ ఖాతాలోకే పోయింది. స్టీవెన్స్ బడిపంతులమ్మగా పనిచేసి, ముప్ఫై దాటాక విశ్వవిద్యాలయంలో చేరి, 1912లో యాభై ఏళ్ళకే కన్నుమూసింది. మనం చేటలో వేసి ఏరిపారేసే పురుగును చూసి ఒక ఆడది చెప్పిన తీర్పిది. నూట ఇరవై ఏళ్ళయినా ఆ తీర్పు ప్రతి మన ఆస్పత్రి వరండాలకు చేరలేదు.

ఇక కడుపులో ఆ తరువాత ఏం జరుగుతుందో చూడండి. కడుపు గుండ్రంగా ఉంటే ఆడపిల్ల, ముందుకు పొడుచుకొస్తే మగపిల్లవాడు అని చెప్పే అమ్మలక్కలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. పుల్లమామిడి తినాలనిపిస్తే ఒకటి, తీపి తినాలనిపిస్తే ఒకటి అంటారు. మామిడి తోటల మధ్య ఉండి పుల్లటి కాయ తినాలనిపించని గర్భిణిని నాకొకర్ని చూపించండి! కానీ అసలు వింత ఈ జోస్యాల్లో లేదు, పిండంలో ఉంది. మొదటి ఆరు వారాలూ పిండాన్ని ఎంత పరీక్షగా చూసినా దాని అవయవాల్లో ఆడా మగా తేడా కనిపించదు. క్రోమోజోముల్లో లెక్క రాసి ఉంటుంది, ఒంట్లో మాత్రం ఇంకా ఏదీ తేలలేదు. అండాశయం కావడానికీ వృషణం కావడానికీ ఒకే ముద్ద సిద్ధంగా ఉంటుంది. లోపల రెండు జతల నాళాలుంటాయి, ఆడ నాళాలూ మగ నాళాలూ రెండూను. బయట ఉండే చిన్న మొగ్గ కూడా ఇద్దరికీ ఒకటే.

అంటే మీసాలు మెలేసే ప్రతి మగధీరుడూ గర్భాశయం కాగల నాళాలను కొన్ని వారాలపాటు ఒంట్లో పెట్టుకుని ఉన్నవాడే. నమ్మకం లేకపోతే మగవాళ్ళ ఛాతీ చూడండి. పాలివ్వని చనుమొనలు వాళ్ళకెందుకు? ఆడా మగా తేలకముందే పిండానికి అవి మొదలవుతాయి గనుక. అందరం ఒకే అచ్చులోంచి మొదలయ్యామనడానికి ప్రతి మగవాడూ చొక్కా కింద మోసుకు తిరుగుతున్న సాక్ష్యమది.

ఏడో వారం ప్రాంతంలో వై క్రోమోజోము మీదున్న ఒక్క జన్యువు పని మొదలుపెడుతుంది. దాని పేరు ఎస్‌ఆర్‌వై. 1990లో లండన్ శాస్త్రజ్ఞులు దాన్ని కనిపెట్టారు. మరుసటి ఏడాది, ఆడది కావలసిన ఎలుక పిండంలో ఆ జన్యువు పెడితే అది మగ ఎలుకగా పెరిగింది. ఈ జన్యువు మాట విని ఆ ముద్ద వృషణమవుతుంది. వృషణం రెండు హార్మోనులను తయారుచేస్తుంది. ఒకటి ఆడ నాళాలను కరిగించేస్తుంది. రెండోది టెస్టోస్టిరోన్, మగ నాళాలను నిలబెడుతుంది. దాన్నుంచే పుట్టిన మరో హార్మోను బయటి మొగ్గను మగ అవయవంగా మారుస్తుంది. ఆడపిల్లల్లో మగ నాళాలు కరిగిపోతాయి, ఆడ నాళాలు గర్భాశయంగా కలుస్తాయి. పన్నెండు వారాలు దాటేసరికి బయటి తేడా ఏర్పడుతుంది.

ఇక్కడే ఇంకో పొగరుమోతు వాదన వినిపిస్తుంది. 1947లో ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ జోస్ట్ అనే ఆయన కుందేలు పిండాల్లోంచి బీజకోశాలు తీసేసి చూశాడు. మగది కావలసిన పిండమైనా సరే, ఆడ నాళాలతోనే పెరిగింది. ఇంకేముంది, “ఏమీ చేయకుండా వదిలేస్తే ఆడపిల్ల, శ్రమపడి తయారుచేస్తే మగపిల్లవాడు” అని కొందరు పెద్దలు పుస్తకాల్లోనే రాసుకున్నారు. పిండి కలిపి వదిలేస్తే ఆడపిల్ల, నేతిలో వేయిస్తే మగపిల్లవాడు అన్నట్టు! ఆ మాటా నిలవలేదు. అండాశయం తయారుకావడానికి కూడా ప్రత్యేకంగా జన్యువులు పనిచేయాలని తరువాత తేలింది. అంతేకాదు, 2009లో పెద్ద ఎలుకలో అటువంటి జన్యువునొకదాన్ని ఆపేస్తే, అప్పటిదాకా సలక్షణంగా ఉన్న అండాశయంలోని కణాలు వృషణ కణాల పోలిక తెచ్చుకున్నాయి. అంటే అండాశయం అండాశయంగా ఉండడానికి పుట్టుకతోనే కాదు, రోజూ పని జరుగుతూండాలి. ఇంటి పని లాగే. జరుగుతున్నంతకాలం ఎవరికీ కనపడదు, ఆగిన రోజున తెలుస్తుంది.

“విత్తనం మగవాడిది, పొలం ఆడది” అని మరో పాతమాట. దాన్ని నమ్మేవాళ్ళను ఒకటే అడుగుతాను. జొన్నలు చల్లి వరి మొలవలేదని పొలాన్ని తన్నే రైతు ఈ పాలమూరులో ఉన్నాడా? విత్తు ఒకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అని సామెత చెప్పేదీ వీళ్ళే, కోడల్ని దెప్పేదీ వీళ్ళే. అసలా పోలికే తప్పు. ఆమె వట్టి పొలం కాదు, విత్తనంలో సగం ఆమెదే. పైగా ఆ సగం ఎప్పుడు తయారైందనుకున్నారు? ఆడశిశువు తల్లి కడుపులో అయిదో నెలలో ఉండగానే ఆమె అండాశయాల్లో అరవై డెబ్భై లక్షల అండకణాలుంటాయి. పుట్టేనాటికి పది ఇరవై లక్షలు మిగులుతాయి. ఆ తరువాత కొత్తగా అంత సంపద చేరదు. అంటే ఈ వ్యాసం చదువుతున్న మీరు ఏ అండం నుంచి పుట్టారో ఆ అండకణం మీ అమ్మ మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారైంది. వంశం అంటే తండ్రి తాత ముత్తాత అని వేలు మడిచి లెక్కపెట్టేవాళ్ళు అమ్మమ్మ వైపు కూడా ఒక వేలు మడవాలి.

సరే, ఇంత చెప్పాక కొందరు అక్కలు సంబరంగా, “అయితే తప్పు మా ఆయనదే అన్నమాట!” అంటారు. ఆ సంబరం నాకు నచ్చదు. కోడలి మీది కేసు కొట్టేసి కొడుకు మీద పెట్టడానికి కాదు నేనింతసేపు చెప్పింది. తండ్రి మాత్రం ఏం చేశాడు? కోట్ల బీజకణాల్లో ఏది ముందు చేరుతుందో అతనికేం తెలుసు? ప్రకృతి సుమారుగా 100 మంది ఆడపిల్లలకు 105 మంది మగపిల్లలను పుట్టిస్తుంది. దాదాపు బొమ్మా బొరుసే. ఆ లెక్కన ముగ్గురు పిల్లలున్న ఇళ్ళు ఎనిమిది తీసుకుంటే, సుమారు ఒక ఇంట్లో ముగ్గురూ ఆడపిల్లలే ఉంటారు. అది శాపమూ కాదు, పాపమూ కాదు, కూడిక.

“తప్పు తల్లిది కాదు, తండ్రిది” అని పెద్దలు మంచి ఉద్దేశంతో చెబుతూనే ఉంటారు. కోడలిని కాపాడడానికి ఆ మాట పనికొస్తుంది, కాదనను. కానీ కాస్త ఆగి వినండి. అందులో ‘తప్పు’ అనే మాట అలాగే ఉంది! ముద్దాయి మారాడు గానీ నేరం మారలేదు. ఉయ్యాలలో నిద్రపోతున్న పసిదాన్ని నేరంగా ఒప్పుకున్నాకే కదా, చేసిందెవరని వెతికేది. ఆడపిల్ల పుట్టడం నేరం కాదని ఒప్పుకున్న ఇంట్లో ముద్దాయితో పనేముంది?

ఈ వాదన కడుపు నిండినవాళ్ళ కాలక్షేపం కాదు. 1999లోనూ 2001లోనూ హైదరాబాదులో దత్తత పేరుతో సాగిన పసిపిల్లల వ్యాపారం బయటపడ్డప్పుడు, ఆ పసికందుల్లో చాలామంది మన పక్క నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు లంబాడా తండాల ఆడపిల్లలని తెలిసింది. మూడో ఆడపిల్లనో నాలుగో ఆడపిల్లనో కొన్నివందలకో వేలకో ఇచ్చేసిన తల్లుల సంగతి పత్రికలన్నీ రాశాయి. అందరం అయ్యో అన్నాం, “ఎంత అనాగరికం” అన్నాం. నాగరికులం కదా, మనమేం చేశాం? కారెక్కి స్కానింగుకు వెళ్ళి వచ్చాం. తండా తల్లి బిడ్డను కని ఇచ్చింది, మన మధ్యతరగతి కననే లేదు. ఆమె ఫోటో పేపర్లో పడింది, మనది పడలేదు. తేడా అంతే.

లెక్కలు చూడండి. 1961లో దేశంలో ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 976 మంది. 2001 నాటికి 927. 2011 నాటికి 920 కంటే కిందికి దిగింది. మన తెలంగాణ జిల్లాల్లో 2011లో 932. ప్రకృతి పుట్టించే లెక్కన చూసినా వెయ్యికి 950 దాకా ఉండాలి. ఆ లోటు ఏ దేవుడూ చేసింది కాదు, ఏ క్రోమోజోమూ చేసింది కాదు. మనుషులు చేసింది. ముందు చెప్పిన ‘ఆడపిల్లల కడుపు’ అనే చిన్నమాట దగ్గర మొదలైన దారి ఇక్కడికొస్తుంది.

చట్టం లేక కాదు. పుట్టబోయేది ఎవరో పరీక్ష చేసి చెప్పకూడదని 1994లోనే చట్టం చేశారు, 2003లో ఇంకా గట్టిపరిచారు. చెప్పిన డాక్టరుకూ శిక్షే, చెప్పమని అడిగినవాళ్ళకూ శిక్షే, మూడేళ్ళ దాకా జైలు. అందులో ఒక సంగతి మన ఆడవాళ్ళు కొంగున ముడివేసుకోవాలి. గర్భిణి ఈ పరీక్షకు వెళితే, భర్తో అత్తింటివారో బలవంతపెట్టారనే కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది వాళ్ళే. ఇంట్లో ఎవరైనా “ఒక్కసారి చూపిద్దాం పా” అంటే ఈ మాట మెల్లగా వాళ్ళ చెవిన వేయండి.

మందుల సంగతి మరీ ఘోరం. రెండో నెలలో తింటే మగపిల్లవాడే పుడతాడని పొడులూ మాత్రలూ అమ్మేవాళ్ళున్నారు. పిండం ఏర్పడిన క్షణానే క్రోమోజోముల లెక్క అయిపోయాక మందు ఏం మారుస్తుంది? మార్చదు సరికదా, అవయవాలు ఏర్పడే సమయంలో అడ్డమైన మందులూ బిడ్డ మీద పనిచేస్తాయి. హర్యానాలో ఇటువంటి మందులు తిన్న తల్లులను పరిశీలిస్తే అవకరాలతో పుట్టిన బిడ్డలూ, చనిపోయి పుట్టిన బిడ్డలూ ఎక్కువగా కనిపించారు. మందిచ్చినవాడికి సగం సందర్భాల్లో పేరొస్తుంది, ఎందుకంటే సగం మందికి ఎలాగూ మగపిల్లవాడే పుడతాడు! సింగోటం నరసింహస్వామికి మొక్కుకోండి, సోమశిలలో కృష్ణ స్నానం చేయండి, తల్లీబిడ్డా క్షేమంగా ఉండాలని కోరుకోండి. దేవుణ్ణి కూడా ఈ కేసులోకి లాగకండి.

ఇంకొక మాట. అరుదుగా కొందరు పిల్లల్లో ఈ కథ వేరే దారిన నడుస్తుంది. ఎక్స్, వై రెండూ ఉన్నా, ఒళ్ళు టెస్టోస్టిరోన్ మాట వినకపోతే ఆ బిడ్డ ఆడపిల్లగానే పుడుతుంది, ఆడపిల్లగానే పెరుగుతుంది. కొందరు పసివాళ్ళను చూసి ఆడా మగా వెంటనే చెప్పలేం. అటువంటి బిడ్డ పుడితే మన ఇళ్ళలో తలుపులు మూస్తారు, మళ్ళీ తల్లినే అంటారు. మూయకండి. ఆ పిల్లల్లో కొందరికి ఒంట్లో ఉప్పు నిలవని జబ్బు ఉంటుంది, మొదటి వారాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే పెద్దాస్పత్రికి తీసుకువెళితే మందులతో బతుకుతారు. పసిబిడ్డను ఏదో ఒకటిగా చేసేద్దామని తొందరపడి కత్తి పెట్టించడం కూడా మంచిది కాదు. ప్రాణానికి అవసరమైతే తప్ప అటువంటి ఆపరేషన్లు వద్దని 2019లో మద్రాసు హైకోర్టు చెప్పాక తమిళనాడు వాటిని నిషేధించింది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇన్ని మెట్లున్న మేడలో అందరూ ఒకే మెట్టు మీద ఆగాలని ఎక్కడుంది?

“అన్నీ బాగానే చెప్పావు గానీ వంశం నిలవద్దా?” అంటారు పెద్దలు. మా ఊరు ఒకనాడు జటప్రోలు సంస్థానానికి రాజధాని. అక్కడ గద్దెనెక్కిన సురభి వెంకట లక్ష్మారావు గారు ఆ వంశంలో పుట్టినవారు కాదు, వెంకటగిరి వెలుగోటివారి ఇంటినుంచి దత్తత వచ్చినవారు. ఆయన తరువాత సంస్థానం బాధ్యత చూసుకున్నది రాణి రత్నమాంబ. గడీలూ గద్దెలూ ఉన్న రాజులకే కన్నకొడుకు లేకుండా వంశం సాగింది, ఆడది రాజ్యం నడిపితే కృష్ణ వెనక్కి పారలేదు. రెండెకరాల మామిడితోటా, మూడు గదుల ఇల్లూ ఉన్న మనకు మాత్రం వారసుడు లేకపోతే కొంప మునిగిపోతుందా? ఆ తోట కూతురి పేర రాస్తే కాయలు కాయనంటాయా?

కోడళ్ళకు ధైర్యం చెప్పడం సులువే, అందరం చెబుతాం. నేను అడిగేది అత్తగార్లను. మీరూ ఒకనాడు ఆ వరండా మాట పడ్డవాళ్ళే. పడ్డమాట వడ్డీతో తీర్చుకోవడానికి కోడలు దొరికిందని సంతోషించకండి. ఈసారి మీ ఇంట్లో పురుడైనప్పుడు, వరుసలో ఎవరో ఒకరు “మల్ల ఆడివిల్లనా” అని మొదలుపెడతారు. మీరు వాళ్ళకు క్రోమోజోముల పాఠం చెప్పనక్కర్లేదు. “అవును, మా మనవరాలు. బరువు రెండు కిలోల తొమ్మిది వందలు. తల్లి పాలు పట్టింది” అని చెప్పండి చాలు. అడిగినావిడకు రెండో ప్రశ్న దొరకదు. లోపల మంచం మీద పడుకుని చెవులు రిక్కించి వింటున్న కోడలికి ఆ రాత్రి నిద్ర పడుతుంది.